రెక్క మీద బతికేవారికి భుజం మార్పిడి: ముందుగా అడగవలసిన మాట



మోకాలి చిప్పల మార్పిడి గురించి ఇప్పుడు ఎవరికీ కొత్తగా చెప్పనక్కర లేదు. వీధికి ఒక్కరైనా ఆ ఆపరేషన్ అయినవారు కనిపిస్తున్నారు. ఆదివారం గుడి మెట్లు ఎక్కుతూ "చూడండి, ఇప్పుడు నొప్పే లేదు" అని చెప్పే పెద్దవాళ్ళు మన మధ్యనే ఉన్నారు. అందువల్ల భుజం కీలు చెడిపోయిందని డాక్టరుగారు చెప్పగానే ఇంటివాళ్ళు అడిగే మాట ఒక్కటే: "చిప్పలు మార్చినట్టే భుజం గూడ మార్చరాదా, సిస్టరమ్మా?"

మార్చవచ్చు. అరిగిన గుండు తీసి లోహపు గుండు పెట్టడం, దాని ఎదుట ఉన్న గిన్నెకు గట్టి ప్లాస్టిక్ తొడుగు వేయడం ఇప్పుడు మన దేశంలోనూ జరుగుతున్న ఆపరేషనే. డెబ్బై ఏళ్ళ పెద్దమ్మ అడిగితే ఆ ఒక్క ముక్కతో జవాబు దాదాపు అయిపోతుంది. నలభై ఏళ్ళ మనిషి అడిగినప్పుడు అలా అయిపోదు. ఆ వయసువారికి, వారి ఇంటివారికి చెప్పవలసింది చాలా ఉంది. ఈ సంచికలో దాని గురించే రాస్తున్నాను.

మొదట వయసు సంగతి. మన ఊళ్ళలో యాభై దాటి మనవణ్ణి ఎత్తుకున్న మనిషిని పెద్దమనిషి అంటాము. కీళ్ళ మార్పిడి లెక్కలో మాత్రం యాభై, యాభై అయిదు లోపువారంతా చిన్నవారే. ఎందుకంటే ఆ కొత్త కీలు ఇంకా ఇరవై, ముప్పై ఏళ్ళు పనిచేయాలి. డెబ్బై ఏళ్ళ మనిషి దానితో జడ వేసుకుంటుంది, కంచంలో అన్నం కలుపుకుంటుంది, బట్టలు ఆరేస్తుంది. నలభై ఏళ్ళ మనిషి ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోస్తాడు, కొత్తవాడలో జంపఖానా మగ్గం మీద రోజంతా చేతులు ఆడిస్తాడు, ఆటో హ్యాండిల్ పట్టుకొని కాజీపేట నుంచి హన్మకొండకు పది ట్రిప్పులు కొడతాడు. రెక్కాడితే గానీ డొక్కాడని బతుకులు. అదే కీలు, అదే లోహం, కానీ దాని మీద పడే పని వేరు.

మా ఆసుపత్రిలో మోకాళ్ళతో పోలిస్తే భుజం మార్పిడి కేసులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అవసరమైనవారిని ఎక్కువగా హైదరాబాద్ పంపుతాము. ఆపరేషన్ అయ్యాక కుట్లు విప్పడానికి, ఫిజియోథెరపీకి మాత్రం మా దగ్గరికే వస్తారు. అందువల్ల ఆపరేషన్ బల్ల దగ్గర కంటే ఆ తరువాతి నెలల్లోనే వారిని ఎక్కువగా చూసే అవకాశం నాకు కలిగింది. నా అభిప్రాయం అక్కడి నుంచి పుట్టినదే. ఎక్స్‌రే చూసి డాక్టరుగారు "చాలా బాగా కూర్చుంది" అంటారు. ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం మాత్రం వాడిపోయి ఉంటుంది. ఇద్దరిలో ఎవరిదీ అబద్ధం కాదు. ఒకరు కీలును చూస్తున్నారు, మరొకరు పనిని చూస్తున్నారు.

ఈ తేడా నా ఒక్కదానికి తోచింది కాదు. అమెరికాలోని మాయో క్లినిక్ డాక్టర్లు 1976 నుంచి 1985 వరకు యాభై ఏళ్ళు, అంతకు లోపు వయసువారికి చేసిన భుజం ఆపరేషన్లను కనీసం పదిహేనేళ్ళ పాటు గమనించి 2004లో ఫలితాలు ప్రచురించారు. గుండు ఒక్కటే మార్చినవారిలో పదేళ్ళకు నూటికి 82, ఇరవై ఏళ్ళకు నూటికి 75 కీళ్ళు తీయవలసిన అవసరం రాకుండా నిలిచాయి. గుండు, గిన్నె రెండూ మార్చినవారిలో పదేళ్ళకు 97, ఇరవై ఏళ్ళకు 84 నిలిచాయి. ఇంతవరకు చదివితే ఎవరికైనా సంతోషమే. అదే పత్రంలో ఇంకో లెక్క ఉంది. నొప్పి, చెయ్యి కదలిక, రోగి తృప్తి అన్నీ కలిపి చూస్తే, గుండు మాత్రమే మార్చిన 62 భుజాల్లో 37 సంతృప్తికరంగా లేవు. రెండూ మార్చిన 29లో 14 సంతృప్తికరంగా లేవు. నొప్పి చాలామందికి బాగా తగ్గింది, కదలిక కూడా ముందుకంటే మెరుగైంది. అయినా చెయ్యి లేవవలసినంత లేవకపోవడం వల్లనో, మళ్ళీ ఆపరేషన్ కావలసి రావడం వల్లనో సగం, సగానికి మించి అలా తేలాయి. ఈ వయసువారికి ఈ ఆపరేషన్ చెప్పేముందు చాలా జాగ్రత్తగా ఆలోచించాలని, వేరే మార్గాలు చూడాలని ఆ డాక్టర్లే రాశారు.

కీలు నిలవడం వేరు, మనిషి తృప్తిపడడం వేరు అని ఆ రెండు లెక్కలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. మనకు బోర్డుల మీద, కరపత్రాల మీద కనిపించేది మొదటి లెక్కే.

అవి పాతకాలపు కీళ్ళు. ఇప్పటి లోహాలు, ప్లాస్టిక్ మెరుగయ్యాయి, సర్జన్ల చెయ్యీ తిరిగింది. అది ఒప్పుకోవలసిందే. అయినా వయసు ప్రభావం పోలేదు. ఇంగ్లండ్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో 1998 నుంచి 2017 వరకు జరిగిన యాభై ఎనిమిది వేలకు పైగా భుజం మార్పిడులను లెక్కవేసి 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. ఎనభై అయిదు దాటిన స్త్రీలలో జీవితకాలంలో మళ్ళీ ఆపరేషన్ అవసరమయ్యేది 37 మందిలో ఒకరికి. 55 నుంచి 59 ఏళ్ళ మగవారిలో నలుగురిలో ఒకరికి. ఆ మళ్ళీ ఆపరేషన్లలో చాలా భాగం మొదటి అయిదేళ్ళలోనే వచ్చాయి.

ఎందుకు ఇలా జరుగుతుంది? భుజం గిన్నె చాలా లోతు తక్కువది. గుండును అరచేతిలో నిమ్మకాయలా కాదు, పళ్ళెంలో నిమ్మకాయలా పెట్టినట్టు ఉంటుంది. దాన్ని జారిపోకుండా పట్టి ఉంచేవి చుట్టూ ఉన్న కండరాలే. బరువు ఎత్తిన ప్రతిసారీ గుండు గిన్నె అంచు మీదికి ఒరిగి నొక్కుతుంది. ఆ ఒరుగుడు వేలసార్లు జరిగితే సిమెంటుతో అతికిన ప్లాస్టిక్ గిన్నె మెల్లగా వదులవుతుంది. గిన్నె మార్చకుండా గుండు ఒక్కటే మార్చితే, ఆ లోహం సొంత ఎముకను అరగదీస్తుంది. కండరాలు పూర్తిగా తెగిపోయినవారికి గుండును గిన్నె వైపు, గిన్నెను చెయ్యి వైపు తిరగేసి పెట్టే పద్ధతి ఒకటుంది. ఫ్రాన్స్‌లో పాల్ గ్రామోంట్ అనే సర్జన్ 1985లో దాన్ని రూపొందించారు. వయసు మీరినవారికి అది మంచి మేలు చేసింది. చిన్నవారికి దాన్ని పెట్టాలంటే ఇప్పటికీ సర్జన్లు రెండుసార్లు ఆలోచిస్తారు. అది కూడా చెడితే తరువాత చేయడానికి ఎక్కువేమీ మిగలదు కాబట్టి.

ఒక సంగతి చెబితే ఆశ్చర్యపోతారు. ఈ ఆపరేషన్ చరిత్ర మొదలైందే ఒక చిన్న వయసు కష్టజీవితో. 1893లో పారిస్‌లో జూల్ పెయాన్ అనే సర్జన్ దగ్గరికి ముప్పై ఏడేళ్ళ రొట్టెల పనివాడు వచ్చాడు. క్షయ సోకి భుజం ఎముక పాడైపోయింది. చెయ్యి తీసేయడానికి అతను ఒప్పుకోలేదు. ఒక దంతవైద్యుడు ప్లాటినంతో, గట్టిపరచిన రబ్బరుతో చేసిన కృత్రిమ కీలును అతనికి అమర్చారు. కొంతకాలం చెయ్యి పనిచేసింది. చీము మాత్రం వదలలేదు. రెండేళ్ళ తరువాత ఆ కీలును తీసేయవలసి వచ్చింది. క్షయకు మందులే లేని రోజులవి. ఆ తరువాత అరవై ఏళ్ళకు గానీ, న్యూయార్క్‌లో చార్లెస్ నీర్ 1950లలో ముక్కలైన భుజాలకు లోహపు గుండ్లు పెట్టేదాకా, ఈ పని మళ్ళీ గట్టిగా సాగలేదు. మేము 1990లలో నర్సింగ్ డిప్లొమా చదివేటప్పుడు మా పుస్తకంలో మోకాలికి, తుంటికి పేజీలున్నాయి, భుజానికి నాలుగు వరుసలు.

సరే, మరి నా అభిప్రాయం ఏమిటి? చిన్న వయసువారికి ఈ ఆపరేషన్ వద్దని కాదు. కీళ్ళవాతంతో ముప్పై అయిదేళ్ళకే భుజం కరిగిపోయి, మూడేళ్ళుగా ఒక్క రాత్రి కూడా నిండా నిద్రపోని ఆడపిల్లకు "నీకింకా వయసుంది, యాభై దాటాక రా" అని చెప్పడం నాకు అన్యాయంగా తోస్తుంది. పదిహేనేళ్ళ నొప్పిని ఆమె చేత మోయించే హక్కు ఎవరికీ లేదు. ఆమె అడిగేది నిద్ర, జడ వేసుకోవడం, బిడ్డకు అన్నం పెట్టడం. అవి ఈ ఆపరేషన్ ఇవ్వగలదు. హమాలీ అడిగేది బస్తా. అది ఇవ్వలేదు. ఇవ్వలేదన్న మాట సంతకం పెట్టించుకునేముందు అతనికి తెలుగులో, అతని ఇంటావిడ ముందు, స్పష్టంగా చెప్పాలి. చాలామంది సర్జన్లు భుజం మార్చాక పది పన్నెండు కిలోలకు మించి ఆ చేతితో ఎత్తవద్దంటారు, తల పైకి బరువు ఎత్తడం అసలే వద్దంటారు. మార్కెట్‌లో ఒక్క బస్తా నలభై కిలోలకు తక్కువ ఉండదు.

అందుకని ఆపరేషన్ తేదీ వేసేముందు అడగవలసిన మొదటి ప్రశ్న "ఎంత ఖర్చవుతుంది" అన్నది కాదని నేను అంటాను. "ఆపరేషన్ తరువాత ఈయన ఏం పని చేస్తాడు?" ఇది మేము అడగాలి, మీరు కూడా అడగాలి. మా అడ్మిషన్ కాగితంలో వృత్తి అని ఒక గడి ఉంది. "కూలి" అని రాసి ముందుకు పోతాము. కూలి అంటే ఏ కూలి? పత్తి ఏరే కూలా, స్లాబు వేసే కూలా? ఆ గడి కింద ఇంకో రెండు వరుసలు చేర్చమని, నర్సు, ఫిజియోథెరపిస్టు, ఇంటివారు కలిసి ఒక అరగంట కూర్చోవాలని మా సమావేశంలో అడిగాను.

ఒక డాక్టరుగారు ఒప్పుకోలేదు. "సిస్టర్, ఇంత చెబితే భయపడి కట్టు కట్టేవాళ్ళ దగ్గరికి పోతారు. నొప్పితోనే బతుకుతారు" అన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. భయపడి తిరిగి వెళ్ళినవారిని నేనూ చూశాను. అయితే చెప్పకపోవడం వల్ల వచ్చే నష్టం ఇంకా పెద్దదని నా నమ్మకం. ఆపరేషన్ అయిన ఆరు నెలలకు, అప్పులవాళ్ళు ఇంటి ముందు నిలబడితే, ఎవరికీ చెప్పకుండా మళ్ళీ బస్తా ఎత్తేవాడు భయం లేనివాడు కాదు, సంగతి తెలియనివాడు. ముందే తెలిసినవాడు మేస్త్రీతో మాట్లాడి తూకం దగ్గరికో, లెక్కలు రాసే పనికో మారే ప్రయత్నం చేస్తాడు. ఇంటావిడ మిషన్ కుట్టడమో, చిన్న దుకాణమో ఆలోచిస్తుంది. ఆ ఆలోచనకు ఆపరేషన్ ముందు సమయం ఉంటుంది. తరువాత ఉండదు.

మరి బస్తా తప్ప వేరే దారి లేనివాడికి? ఇక్కడ వేరే మార్గాల గురించి డాక్టరును గట్టిగా అడగండి. గుండుకు రక్తం అందక ఎముక చచ్చే జబ్బు మొదట్లోనే దొరికితే ఎముకలో సన్నని రంధ్రం వేసి ఒత్తిడి తగ్గించే పద్ధతి ఉంది. విరిగిన గుండును వీలైనంతవరకు ప్లేటు వేసి సొంత ఎముకనే నిలబెట్టవచ్చు. చిన్న రంధ్రంలోంచి కెమెరా పెట్టి కీలును శుభ్రం చేయడం కొందరికి కొన్నేళ్ళు ఇస్తుంది. ఇంకొకటి పాత పద్ధతి, ఇప్పుడు ఎవరూ దాని పేరు ఎత్తడం లేదు: ఎముకకు ఎముకను అతికించి కీలును శాశ్వతంగా బిగించేయడం. చెయ్యి భుజం దగ్గర తిరగదు, వెనుక రెక్క ఎముక కదలికతో నోటి దాకా వస్తుంది. వినడానికి కష్టంగానే ఉంటుంది. కానీ నొప్పి పోతుంది, బలం ఉంటుంది, అరిగిపోవడానికి అక్కడ ఏమీ ఉండదు. అందరికీ కాదు గానీ, బరువు పనివాడైన కుర్రవాడి విషయంలో ఆ మాట కనీసం చెవిన పడాలి.

అసలు మన దగ్గర ఇంత చిన్న వయసులో భుజాలు ఎందుకు చెడుతున్నాయో కూడా చెప్పాలి. బైకు ప్రమాదాలు మొదటివి. తాడి చెట్టు మీది నుంచి పడిన గీత కార్మికులు మరికొందరు. భుజం జారితే ఆ రోజే ఎక్స్‌రే తీసి సరిచేయించాలి. మూడు వారాలు దాటితే చేతితో లాగి కూర్చోబెట్టడం చాలా కష్టం, కండరాలు బిగిసిపోతాయి. ఆకు పసరు కట్టుతో నెలన్నర గడిపి, జారిన గుండుతోనే వచ్చేవారు ఇంకా ఉన్నారు. ఫిట్స్ వచ్చినప్పుడు గుండు వెనక్కి జారవచ్చు. నొప్పి తగ్గలేదంటే దాన్ని మళ్ళీ చూపించాలి, మొదటి ఎక్స్‌రేలో అది దొరకకపోవచ్చు.

రెండో కారణం మీద నాకు కోపం ఎక్కువ. ఒళ్ళు నొప్పులకు, ఆయాసానికి, చర్మపు మచ్చలకు ఊళ్ళో ఇచ్చే పేరు తెలియని మాత్రలు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే వారంలో ప్రాణం లేచి వచ్చినట్టుంటుంది. నెలల తరబడి మింగితే తుంటి, భుజం గుండ్లకు రక్తం అందక ఎముక కుంగిపోవచ్చు. కోవిడ్ కాలంలో ప్రాణం నిలపడానికి ఆ మందే వాడవలసి వచ్చింది. అది తప్పని నేను అనను. ఆ తరువాత తుంటిలోనో, భుజంలోనో విడవని నొప్పి ఉంటే మాత్రం చూపించుకోండి. ఏటూరునాగారం, ములుగు ఏజెన్సీ కుటుంబాలు సికిల్ సెల్ జబ్బు సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఆ జబ్బు కూడా భుజం గుండును యవ్వనంలోనే తినేస్తుంది. 2023 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద ఏజెన్సీలో రక్తపరీక్షలు చేస్తున్నారు, పిల్లలకు తప్పక చేయించండి.

ఇక ఆపరేషన్ చేయించుకోవాలనే నిర్ణయించుకున్నవారికి. సర్జన్‌ను "మీరు ఎన్ని భుజాలు చేశారు?" అని అడగడం అమర్యాద కాదు. మోకాళ్ళు వందల్లో చేసినవారు భుజాలు అయిదే చేసి ఉండవచ్చు. ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నవారు ఈ ఆపరేషన్ జాబితాలో ఉందో లేదో, ఏ ఆసుపత్రిలో ఉందో ఆరోగ్యమిత్రను ముందే కనుక్కోండి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి పరిమితి పది లక్షలైంది గానీ, కార్డు ఉంది కదా అని తొందరపడి చేయించుకోవలసిన ఆపరేషన్ ఇది కాదు.

ఆపరేషన్‌లో భుజం ముందువైపు కండరాన్ని తెరిచి మళ్ళీ కుడతారు. ఆ కుట్టు అతుక్కోవడానికి దాదాపు ఆరు వారాలు. ఆ ఆరు వారాలు మంచం మీది నుంచి ఆ చెయ్యి ఆనించి లేవకూడదు, చెయ్యి వెనక్కి పెట్టి చీర కుచ్చెళ్ళు, లుంగీ ముడి సర్దుకోకూడదు, స్లింగ్ లేకుండా తిరగకూడదు. చిన్న వయసువారితోనే మాకు ఇబ్బంది. నొప్పి తగ్గగానే, నెలకే, స్లింగ్ తీసి బైకు ఎక్కుతారు. ఇంట్లో గుమ్మానికి గిలక కట్టి తాడుతో చేసే వ్యాయామం ఎప్పుడు మొదలుపెట్టాలో ఫిజియోథెరపిస్టు చెబుతారు. చుట్టాలెవరూ ప్రేమ కొద్దీ చెయ్యి పట్టి లాగవద్దు. పూర్తి ఫలితం రావడానికి ఏడాది పడుతుంది.

చంక శుభ్రం గురించి సిగ్గుపడకుండా వినండి. భుజం చుట్టూ చర్మపు నూనె గ్రంథుల్లో ఉండే ఒక క్రిమి, ముఖ్యంగా మగ పిల్లల్లో ఎక్కువగా ఉంటుంది, అదే కీలులోకి చేరవచ్చు. జ్వరం రాదు, చీము కనిపించదు. బాగవుతున్న భుజం నెలల తరువాత మళ్ళీ బిగిసి నొప్పి మొదలవుతుంది. అలా జరిగితే వాతం అని తైలం రాసుకొని కూర్చోకుండా రండి. ఆపరేషన్ ముందు ఇంట్లో బ్లేడుతో వెంట్రుకలు తీసుకోవద్దు. గాయం మీద పసుపు పెట్టవద్దు.

చివరగా ఒక కాగితం. డిశ్చార్జి ఫైలులో మీకు పెట్టిన కీలు తాలూకు స్టిక్కర్లు ఉంటాయి. కంపెనీ, సైజు, నంబరు అన్నీ అందులో ఉంటాయి. నలభై ఏళ్ళకు భుజం మార్చుకున్నవారికి రెండో ఆపరేషన్ అవసరం పడే అవకాశం ఉందని పైన చూశాము. ఆ రోజు కొత్త డాక్టరు మొదట అడిగేది ఆ స్టిక్కరే. అది లేక, లోపల ఏ కంపెనీ కీలు ఉందో తెలియక, ఎక్స్‌రే చూసి ఊహించవలసి వస్తుంది. ఫోనులో ఒక ఫోటో తీసుకోండి, అసలు కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి రేషన్ కార్డు ఎక్కడ దాచుకుంటారో అక్కడే దాచండి.